అద్దెతోనే ఈఎంఐ గడిచిపోతుందా?

ప్రశ్న: నమస్కారమండీ. మేమిద్దరం ఉద్యోగస్థులం. ఉంటున్న ఇల్లు సొంతమే, దాని లోన్ ఈమధ్యే తీరింది. ఇద్దరు పిల్లలు, పెద్ద చదువుల ఖర్చులు ఇంకా ముందున్నాయి. మా బావగారు పదేళ్ల క్రితం మొదలుపెట్టి మూడు ఫ్లాట్లు కొని అద్దెలకిచ్చారు. "అద్దె వస్తుంది, ఆ అద్దే ఈఎంఐ కడుతుంది, ఇరవై ఏళ్లకి ఇల్లు ఊరికే మిగులుతుంది" అంటారాయన. మేమూ ఒక కొత్త ఫ్లాట్ చూశాం. డౌన్ పేమెంట్‌కీ రిజిస్ట్రేషన్ ఖర్చులకీ మేం దాచుకున్నది సరిగ్గా సరిపోతుంది. మిగతా 70 శాతం లోన్ ఇస్తామని బ్యాంకువాళ్లు అన్నారు. మావారికి అద్దెకుండేవాళ్లతో గొడవలంటే భయం. నాకేమో ఆలస్యం చేస్తే ధర అందకుండా పోతుందని టెన్షన్. ఇందులోకి దిగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ ఫ్లాట్ కొనమంటారా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నాకు గుబులు పుట్టించింది ఒక్కటే మాటండీ: దాచుకున్నది 'సరిగ్గా సరిపోతుంది' అన్నారు. అంటే తాళాలు చేతికొచ్చిన మర్నాడు మీ దగ్గర ఏమీ మిగలదు. అద్దె కోసం ఇల్లు కొనడమన్నది రెండు మూడు నెలల్లో అయిపోయే పని. దాన్ని పదేళ్లో పదిహేనేళ్లో అమ్మకుండా నిలబెట్టుకోవడం దగ్గరే అసలు పరీక్ష. ఇందులో దెబ్బతిన్నవాళ్లని కదిపి చూడండి. ఇల్లు మంచిదే అయ్యుంటుంది. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి నాలుగు నెలలైంది, అదే సమయంలో ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయింది, వాయిదాలు తప్పాయి, వచ్చిన ధరకి వదిలించుకున్నారు. సాధారణంగా కథ ఇలాగే ఉంటుంది. అందుకే కొనమంటారా అన్న మీ ప్రశ్న కంటే ముందు, కొన్నాక ఎంతకాలం పట్టుకుని ఉండగలరో చూద్దాం.

ఒక తెల్లకాగితం తీసుకోండి. ఫ్లాట్ ధర ఎంతైనా కానీ, దాన్ని 100 అనుకోండి. ఏ ఊరికైనా, ఏ ఇంటికైనా ఇదే కాగితం పనికొస్తుంది. అద్దె నెలకి 0.5 అనుకుందాం. ఏడాదికి 6. బ్రోకర్ నోట వినిపించే 'ఆరు శాతం రాబడి' ఇదే. మీ ఫ్లాట్ అంకెలు వేరేగా ఉండొచ్చు, అవి వేసి చూసుకోండి. నేను వేసే వరస మాత్రం మార్చకండి.

ముందుగా, మీరు పెట్టేది 100 కాదు. రిజిస్ట్రేషన్, లాయర్ ఫీజు, బ్రోకర్ కమీషన్, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు, ఫ్యాన్లూ లైట్లూ అల్మరాలూ అన్నీ కలిపి ఇంకో 8 వేసుకుందాం. మొత్తం 108. ఇక ఏడాదికి వచ్చే 6లో, ఒక నెల ఖాళీగా ఉంటుందని అర తీసేయండి. ప్రతి ఏడూ ఖాళీ ఉండకపోవచ్చు. కానీ ఉన్న ఏడాది రెండు నెలలూ ఉండొచ్చు కాబట్టి సగటు వేసుకోవడమే మంచిది. మిగిలింది 5.5. ఇంటిపన్ను, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌లో ఓనర్ భరించే వాటా, ఇన్సూరెన్స్ కలిపి 0.8. రిపేర్లకి 0.6. ఒకళ్లు ఖాళీ చేసి ఇంకొకళ్లు దిగేలోపు పెయింట్లు, అగ్రిమెంట్ ఖర్చు, బ్రోకర్‌కి ఇచ్చేది కలిపి 0.4. ఈ మూడూ పోగా మిగిలేది 3.7. దాన్ని 108తో భాగిస్తే సుమారు 3.4 శాతం. ఆరనుకున్నది మూడున్నర కూడా లేదు. పైగా ఇంకా ఆదాయపు పన్ను కట్టలేదు, లోన్ జోలికి పోలేదు.

రిపేర్ల అంకె ఎక్కువేశానని అనిపించొచ్చు. కొత్త ఫ్లాట్ కదా, రిపేర్లేముంటాయి అని మీరు అంటారు కూడా. మొదటి రెండు మూడేళ్లు నిజంగానే ఏమీ ఉండకపోవచ్చు. ఆ తర్వాత గీజర్, మోటార్, బాత్‌రూమ్ లీకేజీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అపార్ట్‌మెంట్ మొత్తానికి పెయింట్లనీ, లిఫ్ట్ మార్చాలనీ మీటింగ్ పెట్టి తలా ఇంత వేస్తారు. ఖర్చు లేని ఏళ్లలో ఆ 0.6 పక్కన పడితేనే ఖర్చు వచ్చిన ఏడాది చేతిలో ఉంటుంది. మిగిలిందని వాడేసుకున్నవాళ్లకి ఒక్క రిపేరుకే తడిసి మోపెడవుతుంది.

ఇప్పుడు లోన్. 70 తీసుకున్నారు, వడ్డీ 8 శాతం, ఇరవై ఏళ్లు అనుకుందాం. ఏడాదికి కట్టాల్సిన ఈఎంఐలన్నీ కలిపి 7.03 అవుతాయి. ఇల్లు ఇచ్చేది 3.7. తేడా 3.33, అంటే ఆరున్నర నెలల అద్దె పైమాటే. ఆ డబ్బు మీ జీతాల్లోంచి ప్రతి ఏడూ వెళ్లాలి. కట్టిన 7.03లో మొదటి ఏడాది 5.55 దాకా వడ్డీకే పోతుంది. అసలు తీరేది 1.48 మాత్రమే. అద్దె మొత్తం తీసుకెళ్లి బ్యాంకులో పోసినా వడ్డీకి కాస్త ఎక్కువగా సరిపోతుందంతే, అదీ ఒక్క రూపాయి ఖర్చూ, ఒక్క రోజు ఖాళీ లేకుండా ఉంటే.

మరి బావగారు చెప్పింది అబద్ధమా? కాదు. ఆయనకి పదేళ్ల కిందటి ధర మీద ఇవాళ్టి అద్దె వస్తోంది. అద్దెలు పెరిగాయి. ఈఎంఐ మాత్రం, వడ్డీ రేటు కదలకపోతే, తీసుకున్ననాటిదే. ఆ స్థితికి చేరాక 'అద్దే కడుతోంది' అనడం నిజమే. ఈసారి ఆయన ఇంటికొచ్చినప్పుడు మాత్రం ఆ ఫ్లాట్ కొన్న మొదటి నాలుగేళ్ల సంగతి అడగండి. ఏడాదికి ఎంత చేతినుంచి వేశారు, ఎన్ని నెలలు ఖాళీ పడింది, ఒక జీతం ఆగితే ఏం చేసేవారు. మనుషులు పంట చేతికొచ్చాక పెట్టుబడి లెక్కలు మర్చిపోతారు. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు.

పై ఇంటికి అద్దె తన కాళ్ల మీద తాను నిలబడాలంటే లోన్ ఎంత ఉండాలో వెనక్కి లెక్కేయొచ్చు. 8 శాతానికి, ఇరవై ఏళ్లకి 3.7తో తీరే అప్పు 37కి కాస్త లోపు. బ్యాంకులు దుకాణ సముదాయాల్లాంటి వాటికి అప్పిచ్చేటప్పుడు, కట్టాల్సిన వాయిదా కంటే ఆదాయం ఓ పాతిక శాతం ఎక్కువుందా అని చూడటం మామూలు. అంత జాగ్రత్త మనమూ తీసుకుంటే 30 దాటకూడదు. మీకు ఇస్తామన్నది 70. బ్యాంకు మీ జీతాలు చూసి ఇస్తోంది, ఆ ఇంటి అద్దె చూసి కాదు. లోన్ శాంక్షన్ అయిందంటే ఇల్లు మంచి పెట్టుబడి అని బ్యాంకు తేల్చినట్టు భావించకండి.

ఇంకో మాట. ఇల్లు ఏడాదికి 3.4 ఇస్తుంటే, అప్పు 8 అడుగుతోంది. ఇలాంటప్పుడు అప్పు ఎంత ఎక్కువైతే నష్టం అంత ఎక్కువ. దాన్ని పూడ్చాల్సింది ఇంటి ధర పెరుగుదలే. ధర ఏడాదికి 4 శాతం పెరిగిందనుకోండి: పెరిగిన 4కి తీరిన అసలు 1.48 కలిపి, చేతినుంచి వేసిన 3.33 తీసేస్తే, మీరు పెట్టిన 38 (డౌన్ పేమెంట్ 30, పై ఖర్చులు 8) మీద 2.15 మిగులుతుంది. అంటే 5.7 శాతం దాకా. ఫర్వాలేదు, కానీ గొప్పగా ఏమీ లేదు. ధర అసలు కదలకపోతే అదే లెక్కలో 1.85 నష్టం. కాబట్టి మీరు చూసిన ఫ్లాట్ ఈ అంకెలకి దగ్గరగా ఉంటే, మీరు చేస్తున్నది ధర పెరుగుతుందన్న పందెం. అద్దె ఆ పందేనికి చేదోడు మాత్రమే. పందెం కాయకూడదని నేననను. కాస్తున్నట్టు తెలిసి కాయాలి.

'ఇళ్ల ధరలు ఎప్పుడూ పడవు' అని మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అమెరికాలో 2006లో శిఖరానికి చేరిన ఇళ్ల ధరలు 2012 నాటికి దేశం మొత్తం మీద సగటున పావు వంతుకి పైగా పడ్డాయి. మళ్లీ పాత స్థాయిని అందుకునేసరికి 2016 వచ్చింది. ఐర్లండ్‌లో 2007 తర్వాత దాదాపు సగానికి పడిపోయాయి. జపాన్‌లో 1991లో మొదలైన భూముల ధరల పతనం పదేళ్లు దాటినా ఆగలేదు. అమెరికాలో 2006లో కొని ఈఎంఐలు కట్టుకుంటూ కూర్చోగలిగినవాళ్లు పదేళ్లకి ఒడ్డున పడ్డారు. 2010లో కట్టలేక అమ్మినవాళ్లు మునిగారు. ఒకే వీధిలో, ఒకే ధరకి కొన్నవాళ్ల మధ్య కూడా ఈ తేడా వచ్చింది.

వడ్డీ సంగతీ అంతే. ఫ్లోటింగ్ రేటు మీద లోన్ అంటే రేటు మీ చేతిలో లేదు. బ్రిటన్ కేంద్ర బ్యాంకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2021 నవంబరులో 0.1 శాతం. 2023 ఆగస్టుకి 5.25. అంత కాకపోయినా, మన ఉదాహరణలో 8 శాతం కాస్తా 10 అయితే ఏడాది వాయిదాలు 7.03 నుంచి 8.11కి పోతాయి. పెరిగిన ఆ 1.08 రెండు నెలల అద్దె కంటే ఎక్కువ. వడ్డీ పెరిగిందని అద్దెకున్నవాళ్లని రెండు నెలల అద్దె అదనంగా అడగలేం కదా. కొన్ని బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగిస్తాయి. నెల నెలా భారం తెలియదు గానీ, ఇరవై ఏళ్ల అప్పు ఎప్పటికి తీరుతుందో చెప్పలేని పరిస్థితి వస్తుంది. ఏ పద్ధతో సంతకం పెట్టకముందే అడిగి తెలుసుకోండి.

ఇక చేతిలో ఉండాల్సిన డబ్బు గురించి. ఆ ఇంటి పేరు మీద ఆరు నెలల ఈఎంఐ, దానిమీద ఒక పెద్ద రిపేరు ఖర్చు విడిగా ఒక ఖాతాలో ఉండాలంటాను. 100 విలువ చేసే ఇంటికి అది 5 దాకా అవుతుంది. మీ కుటుంబం ఆసుపత్రి ఖర్చులకో ఉద్యోగం ఆగితేనో అని దాచుకునేదాన్ని ఇందులో కలపకండి. పిల్లల చదువుల డబ్బు అసలే ముట్టుకోకండి. మీ దగ్గరున్న 38 మొత్తం కొనడానికే పోతోంది కనుక ఈ ఫ్లాట్ ఈ పద్ధతిలో మీకు వద్దు. ఫ్లాట్‌లో లోపం ఉందని కాదు, మీకు ఆ సైజు ఎక్కువ.

అదే 38తో 70 విలువ చేసే చిన్న ఇల్లు చూస్తే ఏమవుతుందో లెక్కేయండి. పై ఖర్చులు 5.6, పక్కన పెట్టేది 3.5 పోగా డౌన్ పేమెంట్‌కి 28.9 మిగులుతుంది. లోన్ 41.1. ఏడాదికి ఈఎంఐలు 4.13, ఖర్చులు పోగా అద్దె 2.59. చేతినుంచి వేయాల్సింది 1.54. పెద్ద ఫ్లాట్‌తో పోలిస్తే సగం కంటే తక్కువ భారం. జీతాల్లోంచి ఒక్క పైసా వేయలేని పరిస్థితి వచ్చినా, అద్దె ఆగనంతవరకు పక్కన పెట్టిన 3.5 రెండేళ్లు దాటి లాక్కొస్తుంది. చాలాచోట్ల చిన్న ఇళ్లకి ధరతో పోలిస్తే అద్దె కాస్త ఎక్కువే పలుకుతుంది కూడా. చుట్టాలకి చెప్పుకోవడానికి పెద్ద ఫ్లాటే బాగుంటుందనుకోండి!

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. కొనేవాళ్లలా కాకుండా అద్దెకి వెతుక్కునేవాళ్లలా మొదలుపెట్టండి. మీరు కొనాలనుకునే ప్రాంతంలో, అదే సైజు ఇళ్లకి ఉన్న ప్రకటనలన్నిటికీ ఫోన్ చేయండి. అద్దె ఎంత, ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉంది, తగ్గిస్తారా అని అడగండి. మూడు వారాలయ్యాక మళ్లీ చేసి, పోయిందా, ఎంతకి పోయిందో కనుక్కోండి. అడిగే అద్దె వేరు, కుదిరే అద్దె వేరు. మీ కాగితం మీదికి ఎక్కాల్సింది రెండోది. కొత్త అపార్ట్‌మెంట్ విషయంలో ఇది మరీ ముఖ్యం. అందరికీ ఒకే నెలలో తాళాలిస్తారు, మీలాగే అద్దె కోసం కొన్నవాళ్లందరూ ఒకేసారి మనుషుల కోసం వెతుకుతారు. అద్దె ఎవరు ముందు తగ్గిస్తే వాళ్ల ఇల్లే ముందు అద్దెకి పోతుంది. ఏడాది రెండేళ్లు పాతబడిన చోట ఈ గొడవ ఉండదు, నిజంగా ఎంత అద్దె వస్తోందో పక్క ఫ్లాటువాళ్లే చెబుతారు.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు హాలు చూసి మురిసిపోవద్దు. వంటింటి సింక్ కింద తలుపు తీసి చెక్క మీద చెయ్యి పెట్టి చూడండి, మెత్తగా తగిలితే నీళ్లు కారుతున్నట్టే. బాత్‌రూమ్ సీలింగ్ మూలల్లో గోధుమరంగు మరక ఉందా, లేక ఆ ఒక్క మూలకే కొత్త పెయింట్ వేశారా చూడండి. కొళాయిలన్నీ ఒకేసారి తిప్పి, అదే సమయంలో ఫ్లష్ చేయండి. పై అంతస్తుల్లో అయితే ధార సన్నబడేది అప్పుడే తెలుస్తుంది. వీలైతే గట్టి వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వెళ్లండి. ఓనర్ మళ్లీ రావొద్దని నసిగితే, అదీ ఒక సమాచారమే. కాగితాల దగ్గర మాత్రం సొంత తెలివి వద్దు. అమ్మేవాడికి అమ్మే హక్కుందా, ఇంటి మీద తనఖా ఉందా, పాత పన్నులు బాకీ ఉన్నాయా అన్నవి మీరు పెట్టుకున్న లాయర్ చూడాలి. అమ్మేవాళ్లు చూపించిన లాయర్ వద్దు.

మీవారి భయం గురించి. ఆ భయం మంచిదే, ఇందులోకి భయం లేకుండా దిగినవాళ్లే ఎక్కువ చేతి చమురు వదిలించుకుంటారు. అద్దెకొచ్చేవాళ్లతో వచ్చే తగాదాల్లో చాలా భాగం తాళాలిచ్చే ముందే ఆపొచ్చు. వాళ్ల ఆదాయం అద్దెకి మూడింతలైనా ఉందా చూడండి. ఉద్యోగం నిజమో కాదో కనుక్కోండి. పాత ఓనర్‌ని అడగమంటారు గానీ, ఇప్పుడున్న ఇంటి ఓనర్ కంటే అంతకుముందు ఇంటి ఓనర్ మాట విలువైంది. ఇప్పటి ఓనర్ వదిలించుకోవాలని మంచి మాట చెప్పొచ్చు, అంతకుముందాయనకి ఆ అవసరం లేదు. ఇవేవీ అడగకుండా, ఇల్లు ఖాళీగా ఉందన్న తొందరలో మొదట వచ్చినవాళ్లకి ఇచ్చేయడం దగ్గరే తలనొప్పి మొదలవుతుంది. ఒక నెల అద్దె పోయినా సరే, ఆగండి.

అగ్రిమెంట్ రాతలో ఉండాలి. అద్దె ఏ తారీఖుకి, ఆలస్యమైతే ఏమిటి, ఏ రిపేరు ఎవరిది, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అడ్వాన్స్‌లోంచి దేనికి కోత పెట్టొచ్చు – ఇవన్నీ అందులో ఉండాలి. దిగే రోజు ఇద్దరూ కలిసి గది గదికీ తిరిగి ఫోన్లో వీడియో తీయండి. గోడలు, టైల్స్, స్విచ్ బోర్డులు, బాత్‌రూమ్ అద్దం, అన్నిటికంటే ముందు కరెంటు మీటర్ రీడింగ్. ఆ వీడియో అప్పుడే వాళ్లకీ పంపండి. రెండేళ్ల తర్వాత 'ఈ పగులు మేం దిగినప్పుడే ఉంది' అన్నప్పుడు గొంతు పెంచే అవసరం ఇద్దరికీ ఉండదు. అడ్వాన్స్ మీది కాదు, వాళ్లది. దాన్ని వాడేసుకుని, వాళ్లు ఖాళీ చేసే రోజున అప్పు కోసం తిరిగే ఓనర్లు కొల్లలు.

తర్వాత మీ వైపు బాధ్యత. కొళాయి కారుతోందని ఫోన్ వస్తే రెండు రోజుల్లో ప్లంబర్‌ని పంపండి. చెప్పకుండా ఇంటికి వెళ్లకండి. అది మీ ఆస్తే అయినా, వాళ్ల ఇల్లు. అద్దె ఆలస్యమైందని నీళ్లో కరెంటో ఆపడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం, తప్పు వాళ్లదైనా కేసు మీ మీదికి తిరుగుతుంది. మీ దగ్గర చట్టం ఏం చెబుతుందో, అద్దె పెంచడానికి పరిమితి ఉందో, ఖాళీ చేయించడానికి ఎంతకాలం పడుతుందో కొనకముందే తెలుసుకోండి. కొన్నిసార్లు చట్టమే తాత్కాలికంగా మారిపోతుంది. 2020లో కరోనా వచ్చినప్పుడు చాలా దేశాల్లో అద్దె కట్టకపోయినా ఖాళీ చేయించకూడదని ప్రభుత్వాలు ఆంక్షలు పెట్టాయి. మనుషులు వీధిన పడకుండా అది అవసరమే. కానీ ఓనర్ల ఈఎంఐలు అన్నిచోట్లా ఆగలేదు. పక్కన డబ్బు ఉంచమని నేను పదేపదే అనేది ఇలాంటి రోజుల కోసమే.

అద్దె పెంచే విషయంలో దురాశ వద్దు. లెక్క చూపిస్తాను. నెలకి 0.5 వచ్చే ఇంటికి 5 శాతం పెంచితే నెలకి 0.025 ఎక్కువొస్తుంది. ఆ పెంపు నచ్చక మంచిగా ఉన్నవాళ్లు ఖాళీ చేసి, ఒక్క నెల ఇల్లు ఖాళీ పడితే పోయేది 0.5. అది పూడటానికి ఇరవై నెలలు. పెయింట్, బ్రోకర్ ఖర్చులు ఇంకా కలపలేదు. ఒకటో తారీఖున ఫోన్ చేయించుకోకుండా అద్దె వేసేవాళ్లు దొరికితే, మార్కెట్ కంటే కాస్త తక్కువకి ఉంచుకున్నా మీకు లాభమే. అలాగని ఏళ్ల తరబడి అసలు పెంచకుండా ఉండి, ఒకేసారి మూడింట ఒక వంతు పెంచి అలజడి చేయకండి. ఏడాదికోసారి కొద్దిగా, ముందే చెప్పి పెంచండి.

ఇవన్నీ చూసుకునే ఓపిక ఇద్దరికీ లేకపోతే ఇల్లు చూసుకునే ఏజెంటుని పెట్టుకోవచ్చు. అద్దెలో పదో వంతు దాకా తీసుకునేవాళ్లున్నారు. నేను పైన వేసిన లెక్కలో ఆ ఖర్చు లేదు, అది వేస్తే 3.7 కాస్తా 3.1కి వస్తుంది. అసలు కొళాయిలతో, తాళాలతో పనిలేకుండా అద్దె ఆదాయంలో వాటా కావాలంటే రీట్లు (రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టులు, అంటే చాలామంది డబ్బు కలిపి అద్దెకిచ్చే భవనాలు కొనే సంస్థలు) ఉన్నాయి. 1960లో అమెరికాలో చట్టం చేసి మొదలుపెట్టిన పద్ధతి, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. షేర్లలాగే కొద్ది డబ్బుతో కొనొచ్చు, అమ్మొచ్చు. విలువ షేర్లలాగే ఊగుతుంది కూడా. మీవారికి కొళాయిల గొడవ కంటే ఆ ఊగడమే నయం అనిపిస్తే, మొహమాటపడకుండా అటే వెళ్లండి.

పన్నుల గురించి ఒక్క మాటే. అద్దె మీద పన్ను, లోన్ వడ్డీకి మినహాయింపు, అమ్మినప్పుడు లాభం మీద పన్ను దేశానికో తీరు, మధ్యలో మారుతూ ఉంటాయి. ఇల్లు ఎవరి పేరున కొంటే ఎంత పన్ను పడుతుందో కొనే ముందే ఆడిటర్‌ని అడగండి. 'పన్ను కలిసొస్తుంది' అన్న ఒక్క కారణంతో మాత్రం ఏ ఇల్లూ కొనకండి.

మిగిలింది మీ టెన్షన్. ధర అందకుండా పోతుందేమో అన్నారు. పోవచ్చు. అలా పోతే ఆ ఇల్లు మీ డబ్బుకి సరిపోని ఇల్లు, ఇవాళ కొన్నా అంతే. ఆ ఫ్లాటువాళ్లతో మాట తెంచుకోకండి, ధర తగ్గిస్తే మళ్లీ కాగితం తీసి లెక్కేయండి. ఈలోగా ఒక పని చేయండి. పెద్ద ఫ్లాట్ కొనేశారనే అనుకుని, ఏడాదికి మీరు వేయాల్సిన ఆ 3.33లో పన్నెండో వంతుని ఈ నెల నుంచి ప్రతి నెలా జీతాలు పడ్డ రోజే వేరే ఖాతాకి పంపండి. ఆర్నెల్లు తప్పకుండా పంపగలిగితే అందులో 1.67 దాకా చేరుతుంది, చిన్న ఇంటికి పక్కన ఉండాల్సిన 3.5లో దాదాపు సగం. మధ్యలో ఏ నెలైనా పంపలేకపోతే, ఆ నెల ఏ ఖర్చు వచ్చిందో, ఎంత తగ్గిందో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. లోన్ ఎంత తీసుకోవాలో బ్యాంకువాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ కాగితం దగ్గరుంచుకోండి.